ఉప్పు మోసే కావలివాళ్ళు

బాలలూ! హైదరాబాదు నగరానికి వాయవ్య దిక్కున బాచుపల్లి ఉంది. ఒకప్పుడది నిజంగా పల్లెటూరే. ఇప్పుడు మియాపూరు నుంచి బస్సెక్కి అటు వెళితే దారికి రెండు పక్కలా అపార్టుమెంట్లే కనిపిస్తాయి. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్ళ కుటుంబాలు ఎన్నో అక్కడ కాపురం ఉంటున్నాయి. ఇళ్ళ చుట్టూ ప్రహరీగోడ ఉంటుంది. గోడకు గేటు ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు.

వాచ్‌మన్ పని ఏమిటి? పాలప్యాకెట్లను లోపలికి రానిస్తాడు. చెత్తబండిని బయటికి పంపుతాడు. ముక్కూ మొగమూ తెలియనివాళ్ళను ఆపుతాడు. ఇంకా కడుతున్న ఇళ్ళ దగ్గర అతనికి మరో పని కూడా ఉంటుంది. మీరు గమనించే ఉంటారు. పొద్దునా సాయంత్రం రబ్బరు గొట్టం పట్టుకొని కొత్త గోడలకు నీళ్ళు కొడుతుంటాడు. అలా తడపకపోతే సిమెంటు గట్టిపడదు. గోడ బీటలు తీస్తుంది. అంటే గేటు కాసే మనిషే గోడను కూడా కాపాడుతున్నాడన్నమాట.

సరిగ్గా ఇటువంటి గోడ ఒకటి మీ పొట్టలో కూడా ఉంది. దానికీ గేట్లున్నాయి. గేట్లకు కావలివాళ్ళున్నారు. వాళ్ళు ఉప్పును మోస్తారని శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. ఆ ఉప్పు మోసేవాళ్ళే గోడను కూడా కాపాడుతున్నారన్న సంగతి మాత్రం ఈమధ్యనే, గత పాతికేళ్ళలోనే, స్పష్టంగా తేలింది. ఆ కథ చెప్పుకుందాం.

ఒంటి వరుస గోడ

మీరు తిన్న అన్నం నోటి నుంచి జీర్ణకోశంలోకి, అక్కడి నుంచి చిన్నప్రేగులోకి, ఆ తరువాత పెద్దప్రేగులోకి పోతుంది. పెద్దవాళ్ళలో చిన్నప్రేగు సుమారు 6 మీటర్ల పొడవుంటుంది. లోపలంతా మడతలు, మడతల మీద మఖమలు గుడ్డ మీది నూగులాంటి మొలకలు. వీటిని చూషకాలంటారు. ఈ మడతలన్నీ విప్పి పరిస్తే ఒక టెన్నిసు ఆటస్థలమంత అవుతుందని పాత పుస్తకాలు చెప్పేవి. 2014లో స్వీడన్‌లో మళ్ళీ జాగ్రత్తగా కొలిచి చూస్తే నోటి నుంచి చివరిదాకా అంతా కలిపి 30 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువని తేలింది. అంటే ఒక పెద్ద గదిలో గచ్చు ఎంత ఉంటుందో అంత. ఇదీ తక్కువేమీ కాదు. మీ చర్మం వైశాల్యం రెండు చదరపు మీటర్లకు మించదు మరి!

ఇంత గోడకు మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క వరుస జీవకణాలు. మిల్లీమీటరులో నలభయ్యో వంతు! గోడకు ఇవతల మీ రక్తం. అవతల ప్రేగులో సగం అరిగిన తిండి, దానితోపాటు లెక్కలేనన్ని బాక్టీరియా. ఒక మనిషి ఒంట్లో ఉండే బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో అంచనా కట్టారు. వాటిలో చాలాభాగం పెద్దప్రేగులోనే ఉంటాయి. అవి తమ చోట తామున్నంతవరకూ మనకు మేలే చేస్తాయి. గోడ దాటి రక్తంలోకి వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ప్రకృతి ఈ గోడకు మూడు కట్టుదిట్టాలు చేసింది.

మొదటిది జిగురు పొర. గోడలో అక్కడక్కడా గిన్నె ఆకారపు కణాలు ఉంటాయి. ఇవి శ్లేష్మాన్ని ఊరిస్తాయి. అది గోడ మీద మెత్తని జిగురులా పరుచుకుంటుంది. పెద్దప్రేగులో ఈ జిగురుకు రెండు అరలుంటాయి. పై అర వదులుగా ఉంటుంది. అందులో బాక్టీరియా తిరుగుతాయి. లోపలి అర గట్టిగా గోడను అంటుకొని ఉంటుంది. అందులోకి బాక్టీరియా దాదాపు రాలేవు. దీనిని 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూపించారు.

రెండవది కణాల మధ్య ఉండే బిగువైన అతుకులు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంటు ఉన్నట్లు కణానికీ కణానికీ నడుమ మాంసకృత్తులతో కుట్టిన కుట్లుంటాయి.

మూడవది ఎప్పటికప్పుడు కొత్త ఇటుకలు పేర్చడం. ఈ కణాలు మూడు నుంచి ఐదు రోజులే బతుకుతాయి. పాతవి రాలిపోతుంటే అడుగు నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి. ఇంత వేగంగా కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లమనే విటమిను కావాలి. ఇక్కడ మన తెలుగువాడిని ఒకరిని తలుచుకోవాలి. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రేగు మొలకలు అరిగిపోయి, తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించిపోయే స్ప్రూ అనే జబ్బుతో ఆయన సోదరులు ఇద్దరు చనిపోయారు. ఆయనా ఆ జబ్బు పడి లేచినవాడే. తరువాత అమెరికా వెళ్ళి, 1940లలో ఆయన నాయకత్వాన లెడర్లీ పరిశోధనశాల ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది.

గేటు దగ్గర ఏం జరుగుతుంది?

ఇక కావలివాళ్ళ దగ్గరికి వద్దాం. ముందు ఒక చిన్న సంగతి. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేస్తే అది మాయమవుతుంది గదా! నిజానికి మాయం కాదు, విడిపోతుంది. ఉప్పులోని సోడియం, క్లోరిన్ వేరుపడి, ఒకటి ధన విద్యుదావేశంతోనూ మరొకటి ఋణ విద్యుదావేశంతోనూ నీటిలో తిరుగుతాయి. ఇలా ఆవేశమున్న పరమాణువులనూ, పరమాణువుల గుంపులనూ అయానులంటారు.

జీవకణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసినది. నూనెలో ఉప్పు కరగదని మీకు తెలుసు. అలాగే ఆ పొరలోంచి అయానులు తమంతట తాము దూరలేవు. వాటిని దాటించడానికి పొరలో ప్రత్యేకమైన మాంసకృత్తులు గుచ్చి ఉంటాయి. వీటినే అయాను వాహకాలంటారు. మన కథలో కావలివాళ్ళు ఇవే.

ప్రేగు కణానికి వెనకవైపు, అంటే రక్తం ఉన్న వైపు, ఒక పంపు ఉంది. అది మూడు సోడియం అయానులను బయటికి తోసి రెండు పొటాషియం అయానులను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో దీనిని కనిపెట్టాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పంపు వల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ కొరతగానే ఉంటుంది. అందువల్ల ముందువైపు గేటు తెరిస్తే చాలు, సోడియం లోపలికి రావడానికి సిద్ధంగా ఉంటుంది.

ముందువైపు ఇద్దరు కావలివాళ్ళు జోడుగా పనిచేస్తారు. ఒకడి పేరు ఎన్.హెచ్.ఇ.3. వాడు ఒక సోడియం అయానును లోపలికి రానిచ్చి బదులుగా ఒక హైడ్రోజను అయానును బయటికి పంపుతాడు. రెండవవాడి పేరు డి.ఆర్.ఎ. వాడు క్లోరైడును లోపలికి తీసుకొని బైకార్బొనేటును బయటికి పంపుతాడు. ఇద్దరూ కలిసి లోపలికి తెచ్చినది ఏమిటి? సోడియం, క్లోరైడు. అంటే ఉప్పే! మరి బయట కలుసుకున్న హైడ్రోజను, బైకార్బొనేటు ఏమవుతాయి? నీరుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారతాయి. గోళీసోడా కొట్టగానే బుస్సుమని వచ్చేది ఈ వాయువే.

ఉప్పు వెళ్ళిన చోటికి నీరు కూడా వెళుతుంది. రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం మీ ప్రేగులోకి చేరుతుంది. మీరు తాగినది అందులో రెండు లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం వంటివి. అందులో విసర్జనతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. తక్కినదంతా ఈ గేట్లగుండా ఒంట్లోకి తిరిగి వచ్చేస్తుంది.

కావలివాడు లేకపోతే?

ఒక యంత్రంలో ఏ చక్రం ఏం చేస్తుందో తెలియాలంటే ఆ చక్రం లేనప్పుడు ఏమవుతుందో చూడాలి. డి.ఆర్.ఎ. లేకుండా పుట్టే పిల్లలు అరుదుగా ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ వాళ్ళకు నీళ్ళ విరేచనాలే. చూసినవాళ్ళు అది మూత్రమని పొరబడతారు. ఆ నీటిలో క్లోరైడు విపరీతంగా ఉంటుంది. 1945లో అమెరికాలో ఇద్దరు వైద్యులు ఎవరికి వారే ఈ జబ్బును వర్ణించారు. ఫిన్లండు దేశంలో ఇది మిగతాచోట్ల కంటె ఎక్కువ. 1996లో దీనికి కారణమైన జన్యువు దొరికింది. అది డి.ఆర్.ఎ. జన్యువే. పోయిన లవణాలను, నీటిని లెక్క ప్రకారం రోజూ తాగిస్తే ఈ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళవుతున్నారు. అయితే వాళ్ళలో కొందరికి పెద్దయ్యాక ప్రేగులు వాచి పుండ్లు పడే జబ్బు వస్తోందని వైద్యులు గమనించారు.

ఉప్పు మోసేవాడు లేకపోతే విరేచనాలు కావడం సరే. గోడ ఎందుకు చెడుతోంది?

జవాబు ఎలుకల్లో దొరికింది. డి.ఆర్.ఎ. లేని ఎలుకలను జర్మనీ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వాటి పెద్దప్రేగులో గోడను గట్టిగా అంటుకొని ఉండవలసిన జిగురు అర లేనేలేదు!

కారణం ఇదీ. గిన్నె కణంలో శ్లేష్మం మడతపెట్టి కుక్కిన పరుపులాగ ఉంటుంది. కాల్షియం అయానులు దానిని తాళ్ళలా కట్టి ఉంచుతాయి. అది బయటికి రాగానే బైకార్బొనేటు వచ్చి ఆ కాల్షియాన్ని లాగేస్తుంది. తాళ్ళు తెగుతాయి. శ్లేష్మం నీటిని పీల్చుకొని వందల రెట్లు ఉబ్బి గోడ మీద పరుచుకుంటుంది. ఆ బైకార్బొనేటును పెద్దప్రేగులో పంపేది ఎవరు? క్లోరైడును లోపలికి తెచ్చి బదులుగా ఇచ్చే డి.ఆర్.ఎ.! అంటే గేటు కాస్తూనే వాడు గోడకు నీళ్ళు కొడుతున్నాడన్నమాట.

ఉబ్బడమంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఒక చెంచాడు సబ్జా గింజలను గ్లాసుడు నీళ్ళలో వేయండి. పావుగంటలో ప్రతి గింజ చుట్టూ తెల్లని జిగురు పొర వస్తుంది. గింజ జిగురుకు నీరొక్కటే చాలు. ప్రేగు జిగురుకు మాత్రం నీటితోపాటు బైకార్బొనేటు కూడా కావాలి. తేడా అంతే.

ఎన్.హెచ్.ఇ.3 సంగతి కూడా ఇలాంటిదే. అది లేని ఎలుకలకు విరేచనాలవుతాయని 1998లో తెలిసింది. ఆ తరువాత పదేళ్ళకు మరో సంగతి బయటపడింది. ఎవరూ ఏ మందూ పెట్టకుండానే వాటి పెద్దప్రేగు వాస్తోంది. ప్రేగులో ఉప్పు, పులుపు పాళ్ళు మారాయి. దానితో అక్కడ బతికే బాక్టీరియాలో ఏవి పెరగాలి, ఏవి తగ్గాలి అన్న సమతూకం కూడా తప్పింది. 2015లో మనుషుల్లోనూ ఈ జన్యువు చెడిన పిల్లలను గుర్తించారు. వాళ్ళలోనూ కొందరికి ప్రేగు వాపు జబ్బు వచ్చింది.

అన్ని గేట్లూ మూసుకుపోవు

ఇదంతా అరుదైన జబ్బుల సంగతే, మనకెందుకు అనుకుంటున్నారా? అలా కాదు. కలరా వచ్చినప్పుడు ఆ క్రిమి విషం చేసే పని కూడా ఇదే. ఆ విషాన్ని కలకత్తాలో శంభునాథ్ దే 1959లో నిరూపించాడు. అది ఎన్.హెచ్.ఇ.3ను పని మానిపిస్తుంది. అంతటితో ఆగక, కణంలోని క్లోరైడు బయటికి పోయే మరో ద్వారాన్ని బార్లా తెరుస్తుంది. క్లోరైడు వెంట సోడియం, ఉప్పు వెంట నీరు. రోజుకు పది, పదిహేను లీటర్లు పోయిన రోగులున్నారు. రోటావైరస్ దారి వేరు. అది ప్రేగు మొలకల కొనల మీది కణాలనే చంపుతుంది. గేట్లన్నీ ఉండేది ఆ కొనల మీదే మరి. ఈ వైరస్‌ను ఆపే చుక్కలమందును హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసింది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో రోటావైరస్ టీకా మొదలైన తొలి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంత జరిగినా ఒక గేటు మాత్రం తెరిచే ఉంటుంది. దాని పేరు ఎస్.జి.ఎల్.టి.1. దీని కావలివాడికి ఒక విచిత్రమైన నియమం ఉంది. సోడియం ఒంటరిగా వస్తే రానివ్వడు. గ్లూకోజు ఒంటరిగా వచ్చినా రానివ్వడు. రెండు సోడియం అయానులు ఒక గ్లూకోజు అణువును వెంటబెట్టుకొని వస్తేనే తలుపు తీస్తాడు! ఇలా జరుగుతుందని రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సభలో మొదటిసారి చెప్పాడు. కలరా విషం ఈ గేటును ముట్టుకోదు.

కాబట్టి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగిస్తే రోగి బతకాలి గదా? 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైను అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కట్టించి, నీటిలో కలిపి తాగించమని రోగుల బంధువులకే ఇచ్చాడు. నూటికి ముప్ఫయి దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. అదే ఓ.ఆర్.ఎస్.

కొలత తప్పితే

ఈనాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు. ఈ పాళ్ళు ఊరికే పెట్టినవి కావు. ఇందులో సోడియం, గ్లూకోజు అణువుల లెక్కన సరిసమానంగా ఉంటాయి.

మరి తియ్యగా ఉంటుందని పంచదార ఎక్కువ వేస్తే? మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే ఏమవుతుంది? ముక్కల్లోంచి నీరు బయటికి వచ్చి ఊట దిగుతుంది. ప్రేగులో చక్కెర మితిమీరితే అచ్చంగా అదే జరుగుతుంది. ఒంట్లోకి రావలసిన నీరు ఒంట్లోంచి ప్రేగులోకి దిగుతుంది. విరేచనం తగ్గకపోగా హెచ్చుతుంది.

ఇది పుస్తకాల ముచ్చట కాదు. మందుల షాపుల్లో "ఓ.ఆర్.ఎస్." అన్న అక్షరాలతో తియ్యని డబ్బా పానీయాలు ఏళ్ళ తరబడి అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఈ సూత్రం కంటె అనేక రెట్లు ఎక్కువ. తల్లిదండ్రులు పేరు చూసి మందే అనుకొని పిల్లలకు పట్టేవారు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సుమారు ఎనిమిదేళ్ళు పోరాడారు. తెలంగాణ హైకోర్టుకు కూడా వెళ్ళారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు ఉండరాదని ఆదేశించింది. ప్రపంచంలో ఏటా నాలుగు లక్షలకు పైగా ఐదేళ్ళలోపు పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారు. కనుక ఇది అక్షరాల తగాదా కాదు, ప్రాణాల తగాదా.

మీరేం చేయాలి?

తమ్ముడికో చెల్లెలికో విరేచనాలు పట్టుకుంటే, పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో మీరే చదివి చూడండి. కాచి చల్లార్చిన నీళ్ళు సరిగ్గా లీటరు కొలవండి. లీటరుకు కలిపే పెద్ద పొట్లమైతే మొత్తం ఒక్కసారే కలపండి. సగం పొట్లం, సగం గ్లాసు లెక్కలు వద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా సుమా! గోపురంలా కాకుండా తలకొట్టి కొలవాలి. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి తాగించాలి. డాక్టరు చెప్పినన్ని రోజులు జింకు మందు మానకుండా వేయాలి. కళ్ళు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

జబ్బు లేనప్పుడు కూడా ఈ కావలివాళ్ళకు కూలి ఇవ్వాలి. జొన్నరొట్టె, రాగిసంకటి, తోటకూర, చిక్కుడుకాయ మొదలైన వాటిలో మనకు అరగని పీచు ఉంటుంది. దానిని పెద్దప్రేగులోని మంచి బాక్టీరియా తిని బ్యుటిరేటు అనే పదార్థాన్ని చేస్తాయి. పెద్దప్రేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. అది అందినప్పుడు కణాలు ఎన్.హెచ్.ఇ.3నూ, డి.ఆర్.ఎ.నూ ఎక్కువగా తయారుచేస్తాయని పరిశోధనశాలల్లో చూశారు.

ఇప్పుడు మీకు మూడు ప్రశ్నలు. విరేచనాలైనప్పుడు ఉత్త మంచినీళ్ళు తాగితే ఎందుకు చాలదు? ఓ.ఆర్.ఎస్.లో ఉప్పు మాత్రమే వేసి గ్లూకోజు మానేస్తే ఏ గేటు తెరుచుకోదు? డి.ఆర్.ఎ. లేని ఎలుకకు జిగురు ఊరించే గిన్నె కణాలు ఉన్నా జిగురు పొర ఎందుకు నిలవదు? పైన చెప్పినదంతా మరొకసారి చదివితే జవాబులు మీకే దొరుకుతాయి. దొరికాక ఇంట్లో అమ్మకూ నాన్నకూ కూడా చెప్పండి.